1996 మియాటాకు హెడర్ బిగింపు: నలభై గంటల పని, రెండు విరిగిన స్టడ్లు, ఒక పగులు

కారు 1996 నాటి మాజ్డా మియాటా. హెడ్‌లైట్లు కనురెప్పల్లా పైకి లేచే మొదటి తరం బండి. ఇంజను 1839 సీసీ, నాలుగు సిలిండర్లు, కొత్తలో 6500 ఆర్‌పీఎం వద్ద 133 హార్స్‌పవర్. నేను ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనే అయినా ఈ కారు తొలి ఇరవై ఏళ్ళు ఒహాయోలో తిరిగింది. అక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దీని అడుగుభాగాన్ని ఎంతగా తినేసిందో రెండో దశలో తెలుస్తుంది.

ఫిర్యాదు ఇది: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కుమనే చప్పుడు వచ్చి, ఇంజను వేడెక్కాక తగ్గిపోయేది. సిలిండర్లనుంచి పొగను బయటికి తెచ్చే పోత ఇనుప గొట్టాల దిమ్మలో, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డులో, మూడో సిలిండరు గొట్టం మొదట్లో వెంట్రుకంత పగులు ఉన్నదని, వేడికి లోహం వ్యాకోచించినప్పుడు అది మూసుకుంటున్నదని దాని పక్కన పేరుకున్న మసి చారను బట్టి గ్రహించాను. పాత మానిఫోల్డే మరొకటి తెచ్చి వేయవచ్చు గాని, ముప్పై ఏళ్ళ పోత ఇనుము ఇంకెక్కడ పగులుతుందో చెప్పలేము కనుక దాని స్థానంలో పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల కట్ట, అంటే హెడర్, కొన్నాను. అది 4-2-1 రకం, అంటే నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటవుతాయి. ఈ ఇంజనులో సిలిండర్లు 1-3-4-2 వరుసలో పేలుతాయి. 1తో 4ను, 2తో 3ను జత కలిపితే ఒక్కో జతలో పొగ తరంగాలు క్రాంకు సరిగ్గా ఒక చుట్టు తిరిగే వ్యవధిలో వస్తాయి కాబట్టి ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు.

చట్టం సంగతి ముందే చెబుతాను. ఈ కారులో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ హెడర్‌కు వెనుక, వేరుగా ఉంటుంది. దానిని నేను ముట్టుకోలేదు. టెక్సస్‌లో 24 ఏళ్ళు దాటిన బండ్లకు పొగ పరీక్ష లేకపోయినా, కన్వర్టర్‌ను తీసివేయడం అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధమే. కాలిఫోర్నియాలో ఉన్నవారైతే, అక్కడి గాలి నాణ్యత మండలి మినహాయింపు సంఖ్య ఉన్న హెడర్ మాత్రమే కొనాలి. అది లేకపోతే స్మాగ్ (పొగ కాలుష్య) తనిఖీలో కంటితో చూసే పరీక్ష దగ్గరే బండి ఆగిపోతుంది. 1976, ఆ తరువాతి పెట్రోలు కార్లన్నీ ఆ తనిఖీ కిందికి వస్తాయి కనుక కారు పాతదన్న వాదన అక్కడ చెల్లదు.

దశ 0: విప్పకముందు తీసుకున్న కొలతలు (ఫిబ్రవరి 1, 2025)

పని అయ్యాక "బండి తేలికైనట్టు అనిపిస్తున్నది" అని రాసుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకని ముందుగా ఇవి కొలిచాను.

1. కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకుపోయే ఒత్తిడి): 172, 175, 170, 174 పీఎస్ఐ. సిలిండర్ల మధ్య తేడా తక్కువే కనుక ఇంజను మీద డబ్బు పెట్టవచ్చు.
2. ఇంధన సవరణ (కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచి లేదా తగ్గించి పోస్తున్నదో చెప్పే లెక్క): దీర్ఘకాలిక విలువ +9.4 శాతం. 1996 నుంచి అమెరికా కార్లకు ఓబీడీ-2 (కారు కంప్యూటరు విలువలు చదివే ప్రమాణం) తప్పనిసరి అయినందున చవక బ్లూటూత్ రీడరుతోనే ఇది చదవవచ్చు.
3. రెండో గేరులో 3000 నుంచి 6500 ఆర్‌పీఎం వరకు, అంటే గంటకు దాదాపు 26 నుంచి 57 మైళ్ళ వరకు పట్టిన సమయం: ఆరు పరుగుల సగటు 5.23 సెకన్లు. టాకోమీటరును (ఇంజను చుట్లు చూపే ముల్లును) సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీసి, ఫ్రేములు లెక్కించాను. పరుగుకూ పరుగుకూ మధ్య తేడా 0.1 సెకను వరకు ఉన్నది. ఈ సంఖ్యను చివరి దశ వరకు గుర్తుంచుకోవాలి.
4. 70 మైళ్ళ వేగంలో, పైకప్పు మూసి, లోపలి చప్పుడు: ఫోను లెక్కలో 84 డెసిబెల్లు.
5. అరగంట నడిపాక బ్రేకు మాస్టర్ సిలిండరు పైభాగపు వేడి: 58 డిగ్రీల సెల్సియస్.

సవరణ విలువ ప్లస్‌లో ఉండడానికి కారణం ఆ పగులే. పొగ బయటికి పోయే చోటునుంచే, తరంగాల మధ్య ఒత్తిడి పడిపోయిన క్షణాల్లో బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సరు "మిశ్రమం పలచగా ఉన్నది" అని కంప్యూటరుకు చెబుతుంది; కంప్యూటరు ఆ మాట నమ్మి అవసరం లేని పెట్రోలు పోస్తుంది. ఐదో దశలో ఈ లెక్కే నన్ను కాపాడింది.

ఇప్పటివరకు: హెడర్ 365, కొత్త ముందు ఆక్సిజన్ సెన్సరు 62 డాలర్లు. మొత్తం 427 డాలర్లు, 2 గంటలు.

దశ 1: విప్పడం (ఫిబ్రవరి 8, 9)

పనికి వచ్చిన సామాను: 14 మి.మీ. డీప్ సాకెట్లు, మూడు పొడవుల ఎక్స్‌టెన్షన్లు, వైరు దూరేందుకు పక్కన చీలిక ఉన్న సెన్సరు సాకెట్, టార్క్ రెంచి, గ్యాసు టార్చి, నాలుగు జాకీ స్టాండ్లు.

1. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను.
2. కారును నాలుగు స్టాండ్ల మీద 45 సెం.మీ. ఎత్తుకు లేపాను. ముందు రెండు చక్రాలు మాత్రమే లేపితే సరిపోతుందని మొదట అనుకున్నాను గాని, కన్వర్టరు దగ్గర పడుకొని పానా తిప్పడానికి చోటు చాలలేదు.
3. అంతకుముందు మూడు సాయంత్రాలు ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే నూనె కొట్టాను.
4. వేడి తెర తీశాను. దాని చిన్న బోల్టులు రెండు విరిగాయి. అవి పాత మానిఫోల్డులోనే ఉండిపోయాయి కనుక విచారించలేదు.
5. బ్యాటరీ తీగను కాసేపు తిరిగి తగిలించి, ఇంజనును ఐదు నిమిషాలు నడిపించి, తీగను మళ్ళీ ఊడదీసి, గోరువెచ్చగా ఉండగానే పాత సెన్సరు తీశాను. చల్లగా ఉన్నప్పుడు కదలనిది అప్పుడు పట్టుకి లొంగింది.
6. ఈజీఆర్ గొట్టం నట్టు విప్పబోయి చెడగొట్టాను.

ఆరో అంకె దగ్గర కొంచెం ఆగాలి. ఈజీఆర్ గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డు నుంచి కొంత పొగను ఇన్‌టేక్ వైపు తీసుకుపోతుంది. దాని కొస పెద్ద నట్టుతో మానిఫోల్డులోకి బిగించి ఉంటుంది. మామూలు పానా వేసి లాగాను. రెండు మూలలు గుండ్రమైపోయాయి; పైగా నట్టుతోపాటు గొట్టం కూడా మెలితిరగడం మొదలుపెట్టింది. గొట్టం రెండో కొసను ముందుగా వదులు చేయకపోవడం, నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ పానా వాడకపోవడం నా రెండు తప్పులు. చివరికి నట్టును ఎర్రబడేవరకు కాల్చి, కొద్దిగా చల్లారనిచ్చి, మైనపు కొవ్వొత్తిని దానికి ఆనిస్తే కరిగిన మైనం మరల్లోకి పీల్చుకుపోయింది. మూడోసారి కాల్చాక నట్టు కదిలింది. ఇంతకీ ఈ ఒక్క నట్టు రెండు గంటలు తిన్నది.

కన్వర్టరు దగ్గరి నట్లను విప్పే ప్రయత్నం కూడా చేయకుండా గ్రైండరుతో కోసేశాను. అక్కడ స్టడ్ల (ఒక కొస లోహంలోకి, మరో కొస నట్టులోకి పట్టే మర కడ్డీల) బదులు బోల్టులు వేసుకోవచ్చు కనుక జాగ్రత్త పడవలసిన పని లేదు.

ఇప్పటివరకు: నూనె 14 డాలర్లు కలుపుకొని 441 డాలర్లు, 9.5 గంటలు.

దశ 2: విరిగిన స్టడ్లు (ఫిబ్రవరి 15, 16)

మానిఫోల్డు నట్లలో చాలావాటికి స్టడ్లే నట్టుతోపాటు ఊడి వచ్చాయి. అది మంచిదే, ఎలాగూ మార్చవలసినవే. రెండు మాత్రం విరిగాయి. ఒకటి, పై వరుసలోది, హెడ్డు (సిలిండర్ల మీది మూత దిమ్మ) నుంచి 9 మి.మీ. బయటికి మిగిలింది. రెండోది, కింది వరుసలో అన్నిటికంటె వెనుకది, హెడ్డుతో సమానంగా తెగిపోయింది. స్టీరింగ్ షాఫ్టుకూ ఇంజనుకూ మధ్య, చేయి తప్ప తల దూరని చోటు అది.

మొదటిదానికి వేడి పని చేసింది. కాల్చవలసింది స్టడ్‌ను కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం హెడ్డును. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక వేడెక్కితే రంధ్రం కొద్దిగా విశాలమై స్టడ్ పట్టు సడలుతుంది. మిగిలిన 9 మి.మీ. ముక్కకు మా బావమరిది నట్టు వెల్డింగ్ చేశాడు. ఆ వెల్డింగ్ వేడికే సగం పని అయిపోయి, పానా పెట్టగానే తిరిగింది.

రెండోదాని దగ్గర తొందరపడ్డాను. చంద్రవంక ఆకారంలో తెగిన ముఖం మీద సెంటర్ పంచితో గుంట పెట్టి, ఎడమవైపు తిరిగే 3 మి.మీ. డ్రిల్లు బిట్టుతో మొదలుపెట్టాను. ఎడమ తిరుగుడు బిట్టుతో తొలిచేటప్పుడు స్టడ్ దానంతట అదే విప్పుకొని వస్తుందని ఆశ. వంచిన మెడ ఉన్న డ్రిల్లు కావడంతో అది నిలువుగా ఉన్నదో లేదో కంటికి తెలియలేదు. ఆరు మి.మీ. లోతుకు పోయాక తీసి చూస్తే గట్టి ఉక్కును వదిలేసి మెత్తని అల్యూమినియం వైపు 1.5 మి.మీ. జరిగిపోయింది.

"బావా, ఇక ఆపు. ఇలాగే పోతే నీళ్ళ దారిలోకి వెళ్తావు" అన్నాడు మా బావమరిది. ఆ మాట వినడం ఆ రోజు నేను చేసిన ఏకైక మంచి పని.

మరునాడు అతను చెప్పిన ఉపాయమే ఇది. మీరు మొదటే ఇలా చేయండి.

1. పగిలిన పాత మానిఫోల్డునే మళ్ళీ హెడ్డుకు పెట్టి, బాగున్న రెండు రంధ్రాల్లో కొత్త బోల్టులు వేసి బిగించాలి.
2. విరిగిన స్టడ్ ఉన్న రంధ్రంలో సరిగ్గా పట్టే ఉక్కు గొట్టపు ముక్కను దూర్చాలి. ఆ గొట్టం లోపలి వ్యాసం డ్రిల్లు బిట్టుకు సరిపోవాలి.
3. ఇప్పుడు డ్రిల్లు చేస్తే బిట్టు స్టడ్ నడిమధ్యకే, హెడ్డుకు లంబంగానే పోతుంది.
4. 3, 5, 7 మి.మీ. వరుసలో బిట్లు పెంచుకుంటూ, ప్రతి 3 మి.మీ. లోతుకు ఒకసారి ఆగి పొట్టు తీయాలి.

నా విషయంలో రంధ్రం ఒక పక్క అప్పటికే తినేసి ఉండడంతో పాత మర మిగలలేదు. హెలికాయిల్ (చెడిన రంధ్రంలో కొత్త మర ఇచ్చే తీగ చుట్ట) వేశాను. పోర్టులలో (హెడ్డులోంచి పొగ బయటికి వచ్చే రంధ్రాలలో) ముందుగానే నూనె గుడ్డ కుక్కాను. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకొని ఉన్న సిలిండరులోకి అల్యూమినియం పొట్టు పోతే అయస్కాంతం దానిని తీయలేదు. పని అయ్యాక వ్యాక్యూమ్ క్లీనరుకు సన్నని గొట్టం తగిలించి నాలుగు పోర్టులూ పీల్చాను.

కొత్త స్టడ్ల కొలత ఇక్కడ కావాలని రాయడం లేదు. మీ కారుకు ఇదివరకే ఎవరైనా హెలికాయిల్ వేసి కొలత మార్చి ఉండవచ్చు. ఊడివచ్చిన స్టడ్‌ను, దాని రెండు కొసలనూ విడివిడిగా, మరల మధ్య దూరం చూపే పిచ్ గేజితో కొలిచి తెప్పించుకోండి.

ఇప్పటివరకు: ఎడమ బిట్లు, ఎక్స్‌ట్రాక్టరు 38, స్టడ్లు 46, హెలికాయిల్ సామాను 33. మొత్తం 558 డాలర్లు, 18.5 గంటలు.

దశ 3: ఫ్లాంజి చదును (ఫిబ్రవరి 22)

పెట్టెలోంచి తీసిన హెడర్ కంటికి అందంగానే ఉన్నది. ఫ్లాంజి (హెడ్డుకు ఆనే పలక) మీద ఉక్కు బద్ద పెట్టి ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకుల కట్ట) దూర్చితే మధ్యలో 0.30 మి.మీ. రేకు ఆటంకం లేకుండా దూరింది. గొట్టాలను వెల్డింగ్ చేసినప్పుడు ఫ్లాంజి అరటి కాయలా వంగిందన్నమాట. బిగిస్తే అదే చదునవుతుందని కొందరు అంటారు. నట్ల బలంతో చదునైన ఫ్లాంజి వేడెక్కిన ప్రతిసారీ తన పాత వంపుకు తిరిగిపోవాలని చూస్తుంది. ఆ లాగుడంతా స్టడ్ల మీద, అందులోనూ నా హెలికాయిల్ మీద పడుతుంది. నేను పెట్టుకున్న హద్దు 0.10 మి.మీ. మెషిన్ షాపులో 60 డాలర్లకు ముఖం కోయించాక 0.05 రేకు కూడా దూరలేదు.

తరువాత గ్యాస్కెట్‌ను (రెండు ముఖాల మధ్య సందు మూసే పలుచని పొరను) హెడ్డుకు పెట్టి పోర్టుల అంచులు గీసి, అదే గ్యాస్కెట్‌ను ఫ్లాంజికి పెట్టి చూశాను. హెడర్ రంధ్రాలు పోర్టులకంటె చుట్టూ ఒకటిన్నర మి.మీ. పెద్దవి. ఈ దిశలో మెట్టు ఉంటే నష్టం లేదు. వెనక్కి వచ్చే పొగకు ఆ మెట్టు అడ్డుగా నిలుస్తుంది. హెడర్ రంధ్రం చిన్నదై, పొగ దారికి అంచు ఎదురు నిలిచినప్పుడే అరగదీయాలి. ఒకటో, రెండో గొట్టాల లోపల వెల్డింగ్ గుత్తులు 2 మి.మీ. దాకా పొడుచుకువచ్చాయి, వాటిని గ్రైండరు రాయితో తీసేశాను. దీనికి గంటన్నర పట్టింది.

హెడర్‌తో వచ్చిన అట్టలాంటి గ్యాస్కెట్‌ను పక్కన పెట్టి, మాజ్డా వారి పలుపొరల ఉక్కు గ్యాస్కెట్ కొన్నాను.

ఇప్పటివరకు: 60, 24 కలిపి మొత్తం 642 డాలర్లు, 22 గంటలు.

దశ 4: ఎక్కించడం, స్టీరింగ్ షాఫ్టుతో తగాదా (మార్చి 1, 8, 9)

ఎడమవైపు స్టీరింగ్ ఉన్న మియాటాలో ఎగ్జాస్ట్ కూడా ఎడమవైపే ఉంటుంది కనుక హెడర్ గొట్టాలు స్టీరింగ్ షాఫ్టు పక్కనుంచే దిగాలి. పైనుంచి దింపబోతే షాఫ్టు దగ్గర కలెక్టరు (గొట్టాలు ఒకటయ్యే భాగం) ఇరుక్కున్నది. షాఫ్టును ఊడదీయడం ఒక మార్గమే గాని, అలా చేసినప్పుడు పైన స్టీరింగ్ చక్రం తిరిగితే ఎయిర్‌బ్యాగ్ చుట్టతీగ తెగుతుంది. ఆ ప్రమాదం ఎందుకని ఇంజనును మోసే రబ్బరు మౌంట్ల నట్లు వదులు చేసి, ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, జాకీతో ఇంజనును 25 మి.మీ. లేపి, హెడర్‌ను కిందినుంచి ఎక్కించాను.

ఒక చేత్తో హెడర్‌ను పట్టుకొని, ఇంకో చేత్తో మొదటి రెండు నట్లు తగిలించే వరకు మనిషికి మూడో చేయి ఎందుకు లేదా అనిపిస్తుంది. పైన ఎవరైనా ఉంటే మంచిది.

బిగించాక గొట్టానికీ షాఫ్టుకూ మధ్య సందు కొలవాలి. అక్కడ ఏ గేజీ దూరదు. మా అమ్మాయి ఆడుకునే రంగు మట్టి ముద్దను షాఫ్టుకు అంటించి, ఇంజనును దించి, మళ్ళీ లేపి, నలిగిన ముద్ద మందాన్ని కాలిపరుతో కొలిచాను: 4.2 మి.మీ. సరిపోతుందనుకున్నాను. తరువాత బావమరిదిని కూర్చోబెట్టి, ఇంజను స్టార్ట్ చేయించి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్చి కొద్దిగా వదలమన్నాను. ఇంజను పక్కకు ఊగినప్పుడు గొట్టం వెళ్ళి షాఫ్టుకు తగిలింది. ఆ చప్పుడు స్టీరింగ్ చక్రంలో కూడా తెలిసింది. స్టీరింగ్‌కు ఏదీ తగలకూడదన్నది బేరం లేని విషయం కనుక కారు మళ్ళీ స్టాండ్ల మీదికి వెళ్ళింది.

కారణం హెడర్ కాదు, మౌంట్లు. ముప్పై ఏళ్ళ రబ్బరు అణిగిపోయి ఇంజను ఒక పక్కకు కూర్చున్నది. రెండు మౌంట్లూ మార్చాక అదే మట్టి పరీక్షలో సందు 9 మి.మీ.కు పెరిగింది, క్లచ్చి పరీక్షలో ఎక్కడా తగల్లేదు. గొట్టాన్ని సుత్తితో నొక్కి చోటు చేసుకున్నవారిని చూశాను. మౌంట్లు చూడకుండా ఆ పని చేయకండి.

నట్లు బిగించిన పద్ధతి:

1. అన్ని నట్లూ వేలితో ఆఖరి వరకు.
2. మధ్యనుంచి బయటికి, ఒకసారి పైకి ఒకసారి కిందికి, మొదటి విడత 15 న్యూటన్-మీటర్లు.
3. అదే వరుసలో 28.
4. అదే వరుసలో 40.
5. కన్వర్టరు దగ్గరి బోల్టులు అన్నిటికంటె చివర. వాటిని ముందు బిగిస్తే హెడర్ బరువు ఫ్లాంజిని ఒక పక్కకు లాగుతుంది.

స్టడ్ల మరలకు నికెల్ కలిసిన యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా రాసే ముద్ద) రాశాను. సెన్సరు మరలకు అతి కొద్దిగా రాయాలి, దాని మొనకు ఒక్క చుక్క కూడా తగలకూడదు. వేడి తెర తిరిగి పట్టదు కనుక వైర్లకు వేడి తట్టుకునే తొడుగు వేసి, బ్రేకు మాస్టర్ సిలిండరు వైపు ఒక అల్యూమినియం రేకు అడ్డం పెట్టాను. గొట్టాలకు బట్ట చుట్టలేదు. అది చెమ్మను పట్టి ఉంచి వెల్డింగ్‌ను తినేస్తుందన్నది నా అభిప్రాయం.

ఒక బ్రాకెట్ మిగిలిపోయింది. పాత గొట్టాన్ని గేరుబాక్సుకు కట్టి ఉంచినది అది. కొత్త హెడర్‌కు దానిని తగిలించే చెవి లేదు కనుక అక్కర్లేదనుకొని డబ్బాలో పడేశాను. ఆరో దశ దాని గురించే.

ఇప్పటివరకు: మౌంట్లు 118, తొడుగు, రేకు 19. మొత్తం 779 డాలర్లు, 30 గంటలు.

దశ 5: లీకు (మార్చి 15 నుంచి 29)

మొదటిసారి ఎక్కువసేపు నడిపినప్పుడు పది నిమిషాలు పొగ, నూనె కాలిన వాసన వచ్చాయి. అది హెడర్ మీది పూత, నా వేలిముద్రలు. భయపడనక్కర్లేదు గాని గ్యారేజి తలుపు తెరిచి ఉంచాలి. టిక్కుటిక్కు చప్పుడు మాత్రం పోలేదు. రెండు వందల మైళ్ళు నడిపాక ఇంధన సవరణ +11.7 శాతం చూపింది. పగిలిన మానిఫోల్డుకంటె ఇదే ఎక్కువ.

లీకును చెవితో వెతకకండి; ఇనుప గొట్టాల మధ్య చప్పుడు ఎక్కడినుంచో వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇలా చేయండి:

1. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి.
2. షాప్ వ్యాక్యూమ్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, సైలెన్సరు కొసకు గుడ్డతో బిగువుగా చుట్టాలి.
3. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు స్ప్రే సీసాలో పోసి ప్రతి జాయింటు మీదా కొట్టాలి.
4. బుడగలు వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి.

బుడగలు ఒక్కచోటే వచ్చాయి: నాలుగో సిలిండరు కింది అంచు, హెలికాయిల్ వేసిన స్టడ్ దగ్గర. గ్యాస్కెట్‌ను తిట్టుకుంటూ అన్నీ మళ్ళీ విప్పాను. గ్యాస్కెట్‌లో దోషమేమీ లేదు. హెలికాయిల్ వేసేటప్పుడు స్టడ్ అర మి.మీ. పైగా పక్కకు వాలింది. దాంతో దాని వాషరు ఒక అంచు గొట్టపు వెల్డింగ్ గుత్తి మీద ఎక్కి కూర్చున్నది. టార్క్ రెంచి 40 వద్ద క్లిక్కుమన్నది నిజమే గాని, ఆ బలమంతా ఫ్లాంజిని నొక్కలేదు, వెల్డింగ్‌ను నొక్కింది. రెంచి అబద్ధం చెప్పదు. నేను అడగవలసిన ప్రశ్న మాత్రం వేరు.

మార్చినది ఇది: వాషరును ఒక పక్క చదునుగా ఆకురాయితో కోశాను, వెల్డింగ్ గుత్తిని అదే చోట కొద్దిగా అరగదీశాను, కొత్త గ్యాస్కెట్ వేశాను. బిగించే ముందు ప్రతి వాషరు కింద 0.05 రేకు దూర్చి చూశాను. మొదటిసారే చేయవలసిన పరీక్ష అది. కన్వర్టరు దగ్గరి గ్యాస్కెట్ కూడా అదే చేత్తో మార్చాను.

ఆ సాయంత్రం సబ్బు పరీక్షలో ఒక్క బుడగ కూడా రాలేదు. మరునాడు ఉగాది, గోళ్ళ కింది మసి వదలని చేతులతో మామిడికాయ తరగబోతే ఇంట్లోవాళ్ళు కత్తి లాక్కున్నారు.

ఇప్పటివరకు: గ్యాస్కెట్లు 24, 11. మొత్తం 814 డాలర్లు, 34 గంటలు.

దశ 6: పగులు (ఏప్రిల్ 26, మే 3)

640 మైళ్ళకు నట్లు సరిచూద్దామని కిందికి దూరితే, రెండు గొట్టాలు ఒకటయ్యే చోట వెల్డింగ్ పక్కనే 18 మి.మీ. పొడవున పగులు కనిపించింది. వెల్డింగ్ మీద కాదు, దాని పక్కన, వేడికి గుణం మారిన లోహంలో.

హెడర్ అమ్మినవారిని నిందించే ముందు లెక్క వేసి చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రతి డిగ్రీకి, ప్రతి మీటరుకు 0.017 మి.మీ. పెరుగుతుంది. 600 మి.మీ. గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే 5 మి.మీ.కు పైగా పొడవు పెరగాలి. నా అమరికలో ఒక కొస హెడ్డుకు, రెండో కొస వెనుక గొట్టాల బరువుకు కట్టుబడి ఉన్నవి. అంతేకాక ఇంజను ఊగినప్పుడల్లా కన్వర్టరు బరువంతా పొడుగాటి పానా కొసన వేలాడినట్టు ఆ కలెక్టరును వంచుతున్నది. డబ్బాలో పడేసిన బ్రాకెట్ చేసే పని ఈ బరువును గేరుబాక్సు మీదికి మళ్ళించడమే. గేరుబాక్సు ఇంజనుతోపాటే ఊగుతుంది కనుక గొట్టమూ దానితోనే కదులుతుంది, వంపు పడదు. మాజ్డా వారు ఇనుప ముక్కను ఊరకే పెట్టలేదు.

బాగు చేసిన విధం:

1. హెడర్ దింపి, పగులు రెండు కొసల్లోనూ 2 మి.మీ. రంధ్రాలు వేశాము. పగులు వెల్డింగ్ వేడికి ముందుకు పాకకుండా ఆపేవి ఇవే.
2. పగులు వెంట సన్నని గాడి తీసి, గొట్టం లోపల ఆర్గాన్ నింపి, టిగ్ వెల్డింగ్ చేయించాను. లోపల ఆర్గాన్ లేకపోతే స్టెయిన్‌లెస్ వెనుకవైపు చక్కెర గడ్డల్లా పొంగి పెళుసుబారుతుంది.
3. కలెక్టరుకు కింద ఒక చెవి వెల్డింగ్ చేయించి, పాత బ్రాకెట్‌ను దానికి తగిలించాను.
4. బ్రాకెట్ రంధ్రాన్ని ఆకురాయితో 8 మి.మీ. నిలువు గాడిగా సాగదీశాను, గొట్టం పొడవు పెరిగేటప్పుడు జరగడానికి.
5. ఆ బోల్టును అన్నిటికంటె చివర, గొట్టాలు తమ చోట స్థిరపడ్డాక బిగించాను.

దించడం ఎక్కించడం ఈసారి మూడు గంటల్లో అయిపోయింది. యాంటీ-సీజ్ రాసిన నట్లు చేతికి వచ్చాయి.

ఇప్పటివరకు: వెల్డింగ్, ఇనుము 75. మొత్తం 889 డాలర్లు, 40.5 గంటలు.

దశ 7: తిరిగి కొలిచినవి (మే 31)

1. ఇంధన సవరణ: +9.4 నుంచి +2.3 శాతానికి దిగింది.
2. రెండో గేరు పరుగు: 5.23 నుంచి 5.08 సెకన్లకు, మళ్ళీ ఆరు పరుగుల సగటు. తేడా 0.15 సెకను, పరుగుల మధ్య చెదురు 0.1 సెకను. ఇందులో పగులు మూసుకుపోయినందువల్ల ఎంత, హెడర్ ఆకారం వల్ల ఎంత అన్నది ఈ సంఖ్యలు చెప్పవు. చల్లని ఫిబ్రవరి గాలికీ వేడి మే గాలికీ మధ్య తేడా కూడా కొత్త హెడర్‌కు వ్యతిరేకంగానే పని చేసి ఉంటుంది. హార్స్‌పవర్ లెక్క కోసం ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు ఆ 889 డాలర్లను టైర్ల మీద పెట్టడం మేలని నా అంచనా.
3. చప్పుడు: 70 మైళ్ళ వద్ద 84 నుంచి 86 డెసిబెల్లు. 4000 ఆర్‌పీఎం దాటాక గొంతు గట్టిపడింది. స్టార్టు చేసినప్పటి టిక్కుటిక్కు పూర్తిగా పోయింది.
4. మాస్టర్ సిలిండరు వేడి: 58 నుంచి 71 డిగ్రీలకు పెరిగింది. ఇది నాకు నచ్చలేదు. రోజు వేడిలో తేడా కొంత, పోయిన వేడి తెర కొంత. బ్రేకు ద్రవం ఇంతకు మరగదు గాని, రేకును రెండు పొరలుగా, మధ్యలో 6 మి.మీ. గాలి సందుతో మళ్ళీ చేయవలసి ఉన్నది.
5. షాఫ్టు దగ్గర సందు: 9 మి.మీ., మారలేదు.

బ్రాకెట్ తిరిగి తగిలించాక ఇప్పటికి 410 మైళ్ళు నడిచింది. వెల్డింగ్ పక్కన ఎర్ర రంగు పగుళ్ళ పరీక్ష ద్రవం పూసి చూశాను, గీత కనిపించలేదు. నట్లు చల్లగా ఉన్నప్పుడు రెండుసార్లు తిరిగి బిగించాను: మొదటిసారి దాదాపు అన్నీ కొద్దికొద్దిగా కదిలాయి, రెండోసారి నాలుగో సిలిండరు కింది నట్టు ఒక్కటే చుట్టులో ఎనిమిదో వంతు తిరిగింది. దాని తల మీద పసుపు రంగుతో గీత గీసి, అదే గీతను ఫ్లాంజి మీదికి సాగదీశాను. తదుపరి 500 మైళ్ళకు ఆ రెండు గీతలూ ఒకే వరుసలో లేకపోతే హెలికాయిల్ తీసి, పొడుగాటి ఉక్కు ఇన్సర్టు వేస్తాను; దాని కోసం 12 మి.మీ. గొట్టపు ముక్క, పాత మానిఫోల్డు రెండూ గ్యారేజి అరలో ఉంచాను.